జమా ఖర్చుల దివాన్ - మొదటి సాలార్‌జంగ్

విద్యార్థి సంఘం కార్యదర్శి ఈ యేటి సంచికకు ఒక మహనీయుని జీవితం రాసియ్యమని నన్ను అడిగినప్పుడు, సైన్సు చదివేవాణ్ణి కనుక ఏ సర్ సి.వి. రామన్ గురించో రాస్తానని అనుకుని ఉంటాడు. మిత్రులలో కొందరు దేశనాయకులను ఎంచుకున్నారు, కొందరు కవులను ఎంచుకున్నారు. నేను ఒక దివాన్‌ను ఎంచుకున్నాను. ఆయన కావ్యం రాయలేదు, కొత్త సూత్రం కనిపెట్టలేదు. అప్పుల్లో మునిగిన ఒక సంస్థానానికి దాదాపు ముప్పయ్యేండ్లు జమా ఖర్చులు చూశాడు. హైదరాబాదు దివాన్ మొదటి సాలార్‌జంగ్ పేరు మనందరికీ తెలుసు. మ్యూజియం పుణ్యమా అని ఆ పేరు చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తుంది. మనిషి సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

ఈయననే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే ముందు నా అప్పు సంగతి చెప్పుకోవాలి. సిగ్గుపడే విషయమే. కాని మా హాస్టలులో ఆ సిగ్గు లేనివాళ్లు తక్కువని నాకు తెలుసు కనుక చెబుతున్నాను.

మాది నారాయణఖేడ్ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల చెల్క, బాయి కింద ఎకరం. చెల్కలో పత్తి, కంది వేస్తాము. ఇంట్లో నెలనెలా జీతం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అటువంటి ఇంటి నుంచి వచ్చినవాణ్ణి, మొదటి సంవత్సరంలోనే వాయిదాల మీద ఒక సెల్‌ఫోన్ కొన్నాను. హాస్టలు ఎదుటి హోటల్లో ఖాతా పెట్టాను. సినిమాకు ఒకరి దగ్గర రెండు వందలు, పుట్టినరోజు విందుకు ఇంకొకరి దగ్గర ఐదు వందలు చేబదులు తీసుకున్నాను. రెండో సంవత్సరం దసరా సెలవులకు ముందు ఒక రాత్రి నిద్రపట్టక కాగితం మీద అన్నీ కూడితే 18,400 రూపాయలు తేలింది. అది అంత పెద్ద మొత్తం కావడం కంటే, అంత ఉన్నదని అప్పటిదాకా నాకే తెలియకపోవడం నన్ను భయపెట్టింది.

ఇంటికి పోతే అక్కడ ఇంకొక కబురు. బాయి కింది ఎకరాన్ని నాయిన కుదువ పెట్టాడు. రెండు కార్తులు పత్తి సరిగా రాలేదు, మందుల దుకాణంలో ఉద్దెర పెరిగింది, నా హాస్టలు ఫీజు కూడా అందులోనే కలిసింది. పైసలు తిరిగి కట్టిందాకా ఆ ఎకరం పైసలిచ్చినాయనే దున్నుకుంటాడు. నాయిన ఈ మాట అవ్వకు చెబుతుంటే నేను అరుగు మీద కూర్చుని వాయిదాల ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. నా అప్పు మాట ఆ రోజు చెప్పలేకపోయాను.

సెలవులైపోయి వచ్చాక ఒక ఆదివారం మిత్రులతో సాలార్‌జంగ్ మ్యూజియంకు పోయాను. అందరూ గంటల గడియారం ముందు గుమిగూడి, చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే క్షణం కోసం ఎదురుచూస్తున్నారు. నేను పక్కకు తప్పుకుని మొదటి సాలార్‌జంగ్ చిత్రం ముందు ఆగాను. నవాబు అంటే ముత్యాల దండలు, కలికితురాయి ఊహించుకున్న నాకు, ఆయన సాదా దుస్తుల్లో ఒక పెద్ద గుమాస్తా వలె కనిపించాడు. ఎవరీయన అని గ్రంథాలయంలో వెతకడం అట్లా మొదలైంది.

చదివిన కొద్దీ తెలిసింది ఏమంటే, ఆయన కథను ఆయన పుట్టుకతో మొదలుపెడితే సగం కథే అవుతుంది. ఆయన తీర్చవలసి వచ్చిన అప్పులు చాలావరకు ఆయన పుట్టకముందే పుట్టినవి.

పందొమ్మిదవ శతాబ్దం మొదటి సగంలో హైదరాబాదు రాజ్యభారమంతా పేష్కారు మహారాజా చందూలాల్ చేతిలో ఉండేది. 1843లో పదవి వదిలేదాకా ముప్పయి ఏండ్లకు పైగా ఆయనే కర్త. స్వయంగా కవి, కవులకు ఆశ్రయమిచ్చినవాడు, అడిగినవారికి లేదనని దాత. కాని ఆ దానానికి కావలసిన డబ్బు ఖజానాలో లేదు. దానికి తోడు ఇంగ్లీషు అధికారుల చేతికింద నడిచే హైదరాబాదు కంటింజెంట్ సైన్యానికి నిజాం ఖజానా నుండి జీతాలు కట్టాలి. వీటికోసం విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర నూటికి పాతిక దాకా మిత్తికి అప్పులు తెచ్చారు. 1820లో ఆ కంపెనీ ఇచ్చిన అప్పు కాగితం మీద 60 లక్షలు. రెసిడెంట్ మెట్కాఫ్ తవ్వితే అందులో ఎనిమిది లక్షలు ఖజానాకు చేరనే లేదని, కంపెనీ వారే బహుమానం కింద మినహాయించుకున్నారని బయటపడింది. ఇప్పుడు కొన్ని అప్పుల్లో ఖర్చుల పేరు చెప్పి ముందే కొంత కోసుకుని మిగిలింది చేతికిస్తారు చూడండి, అది రెండు వందల ఏండ్ల కిందటి విద్యే.

పామర్ కంపెనీ బాకీ తీర్చిన విధానం ఇంకా విచారకరం. ఉత్తర సర్కారు జిల్లాలను అనుభవిస్తున్నందుకు ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా ఏడు లక్షల పేష్కష్ కట్టేది. 1823లో ఆ హక్కును శాశ్వతంగా వదులుకుని, బదులుగా ఒకేసారి 1,16,66,666 రూపాయలు తీసుకుని అప్పుకు జమకట్టారు. ఈ వింత అంకె ఎట్లా వచ్చిందా అని నేను నోటుబుక్కులో లెక్క వేసి చూశాను. ఏటా ఏడు లక్షలు మిత్తిగా రావాలంటే నూటికి ఆరు చొప్పున అసలు ఎంత ఉండాలి? సరిగ్గా అంతే ఉండాలి. అంటే తాము తెచ్చుకునేటప్పుడు నూటికి పాతిక దాకా మిత్తి, తమ ఆదాయాన్ని అమ్ముకునేటప్పుడు నూటికి ఆరు లెక్క. అప్పులో ఉన్నవాడు అమ్మితే ధర అట్లాగే పలుకుతుంది. మా ఊళ్లో ఏ రైతును అడిగినా ఈ మాట చెబుతాడు.

ఇంత పోయినా అప్పు ఆగలేదు. కంటింజెంటు జీతాల బాకీ మళ్లీ పెరిగింది. ఈసారి ఋణదాత సాక్షాత్తు ఈస్టిండియా కంపెనీయే. సంస్థానంలో తాలూకాలకు తాలూకాలు షావుకార్లకు, అరబ్బు జమాదార్లకు, రోహిల్లాలకు బాకీల కింద అప్పగించబడ్డాయి. రైతు కట్టిన శిస్తు ఖజానా ముఖం చూడకుండానే ఋణదాత ఇంటికి పోయేది.

ఈ పరిస్థితుల్లో పెరిగినవాడు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో బీజాపూరులో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ చేరదీశాడు. వంశంలో దివాన్‌గిరీ కొత్తది కాదు. మీర్ ఆలం చెరువు కట్టించిన మీర్ ఆలం వీరి బంధువే. అయితే ఈ యువకునికి రాజకీయాల కంటే ముందు దొరికింది లెక్కల పని. పందొమ్మిదేండ్ల ప్రాయంలో ఖమ్మం ప్రాంతానికి తాలూకాదారుగా పోయి, అంతకుముందు డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి అక్కడ నెలకొల్పిన శిస్తు పద్ధతులను దగ్గరగా చూశాడు. కొన్ని నెలలకే తిరిగి వచ్చి తమ కుటుంబ జాగీర్ల అజమాయిషీ చేపట్టాడు. పెద్ద ఖజానా చేతికి రాకముందు చిన్న ఖజానా నడిపి చూశాడన్నమాట.

1853 మే నెల హైదరాబాదు చరిత్రలో చేదు మాసం. మే 21న నిజాం నాసిరుద్దౌలా చేత కంపెనీ ఒక సంధి మీద సంతకం పెట్టించుకుంది. కంటింజెంటు బాకీకి, ఇక ముందు జీతాలకు హామీగా బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ జిల్లాలు కంపెనీ అజమాయిషీలోకి పోయాయి. అప్పటి దివాన్ సిరాజ్-ఉల్-ముల్క్ ఆ దిగులుతోనో అనారోగ్యంతోనో వారం తిరగకుండానే కన్నుమూశాడు. మే 31న ఆయన స్థానంలో సాలార్‌జంగ్‌ను నియమించారు. వయసు ఇరవై నాలుగు. మన పి.జి. విద్యార్థుల వయసు. పినతండ్రి జాగీర్లు చూసుకుంటూ ప్రశాంతంగా ఉంటే చాలనుకున్న మనిషి. అయినా పదవి మెడ మీదికి వచ్చింది. ఖజానా ఖాళీ, పరపతి సున్న, మంచి భూములు కుదువ.

ఆయన చేసిన మొదటి పని కొత్త అప్పుతో పాత అప్పు తీర్చే అలవాటును ఆపడం. రెండోది, ఎవరికి ఎంత బాకీయో తేల్చడం. ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. షావుకార్ల లెక్కలు, జమాదార్ల లెక్కలు ఒక్కొక్కటిగా విచారించి, ఏది నిజమైన బాకీ, ఏది మిత్తి మీద మిత్తి అని చూసి, తేలిన మొత్తానికి గడువు పెట్టి, ఆ గడువుకు కట్టి, బదులుగా తాలూకాను విడిపించుకునేవాడు. అరబ్బు జమాదార్లు ఊరికే వదిలే మనుషులు కారు. వారి చేతిలో సైన్యం ఉంది. వారితో కయ్యం పెట్టుకోకుండా, అట్లాగని తలవంచకుండా, సంవత్సరాల తరబడి ఓపికతో ఈ పని నడిపించాడు.

విడిపించుకున్న తాలూకాలను మళ్లీ గుత్తకు ఇయ్యలేదు. గుత్తేదారు ఏం చేస్తాడు? రైతు దగ్గర దొరికినంత గుంజి, సర్కారుకు ఒప్పుకున్నంత కట్టి, మిగిలింది తాను తింటాడు. దాని బదులు నెల జీతం మీద పనిచేసే తాలూకాదార్లను నియమించాడు. వసూలైన ప్రతి పైసా ఖజానాకు రావాలి, ఖజానా నుండే ఖర్చు పోవాలి. జిల్లాకొక టంకశాల ఉండి తలా ఒక రకం నాణెం కొట్టే పద్ధతిని తీసివేసి, రాజధాని టంకశాలలో కొట్టే హాలీ సిక్కాను 1857-58 ప్రాంతంలో చెలామణిలోకి తెచ్చాడు. సిపాయిలకు, ఉద్యోగులకు జీతాలు నెలలు గడవకుండా అందే ఏర్పాటు చేశాడు. జీతం సమయానికి అందితే సిపాయి షావుకారు దగ్గరికి పోడు. సర్కారు మాట మీద నిలబడితే షావుకారు తక్కువ మిత్తికే ఇస్తాడు. ఇందులో మంత్రం ఏమీ లేదు. చెప్పిన తేదీకి చెప్పినంత కట్టడమే పరపతి.

ఇదంతా ఖర్చులు కోయడమే అనుకుంటే పొరపాటు. అప్పులు తీరుస్తున్న ఆ రోజుల్లోనే, 1850లలోనే, దార్-ఉల్-ఉలూమ్ అనే విద్యాలయం స్థాపించాడు. ఏ ఖర్చు ఆపాలి, ఏది ఆపకూడదు అన్న విచక్షణ అందులో కనిపిస్తుంది. మా ఇంట్లో కూడా ఉద్దెర పెరిగిన ఏడు నాయిన తన చెప్పులు కొనడం ఆపాడే గాని నా ఫీజు ఆపలేదు.

ఇక 1857. ఈ ఘట్టాన్ని దాటవేస్తే నిజాయితీ కాదు. దేశమంతా తిరుగుబాటు చెలరేగిన వేళ, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన జనం కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. సాలార్‌జంగ్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. తుర్రేబాజ్ ఖాన్ 1859లో మన మెదక్ ప్రాంతపు తూప్రాన్ దగ్గర ప్రాణం విడిచాడు. ఆ పక్షాన నిలిచినందుకు దివాన్‌ను ఈనాటికీ తప్పుపట్టేవారున్నారు, వారి మాటలో న్యాయముంది. 1859లోను, మళ్లీ 1868లోను ఆయన మీద హత్యాప్రయత్నాలు జరిగాయి, రెండుసార్లూ తప్పించుకున్నాడు. నేను చరిత్ర విద్యార్థిని కాను. కాని నాకొకటి తోస్తుంది. బాకీదారు ఋణదాత ఎదుట స్వేచ్ఛగా నిలబడలేడు. మూడు ప్రాంతాలు కుదువలో ఉన్న సంస్థానం ఎవరి పక్షాన నిలుస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు 1853 లోనే రాసిపెట్టి ఉంది.

దానికి ప్రతిఫలం 1860 సంధిలో వచ్చింది. రాయచూరు దోఆబు, ధారాశివ తిరిగి వచ్చాయి. తిరుగుబాటు చేసిన సురపురం రాజు సంస్థానాన్ని నిజాముకిచ్చారు. కంపెనీకి రావలసిన సుమారు 50 లక్షల బాకీ రద్దయింది. సాలార్‌జంగ్ అప్పులన్నీ పైసాపైసా కట్టి తీర్చాడని కొందరు పొగుడుతారు గాని, ఈ పెద్ద బాకీ కట్టి తీర్చింది కాదు, చేసిన సేవకు మాఫీ అయింది. లెక్కల మనిషి గురించి రాస్తూ లెక్క తప్పు రాయకూడదు.

అదే సంధిలో ఒక ముల్లు కూడా ఉంది. బీరారు మాత్రం ఇంగ్లీషువారి దగ్గరే ఉండిపోయింది. పైగా బీరారు జమా ఖర్చుల లెక్క అడిగే హక్కును నిజాం వదులుకోవలసి వచ్చింది. అంతకుముందు మిగులు ఎంత అని అడిగే వీలైనా ఉండేది. భూమి మనది, దున్నేది వాళ్లు, పంట ఎంత వచ్చిందని అడగకూడదు. బీరారు నల్లరేగడి, పత్తికి పేరుమోసిన నేల. ఆ తరువాత సంవత్సరమే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ప్రపంచమంతటా పత్తి ధర ఆకాశానికి ఎక్కింది. ఆ లాభంలో హైదరాబాదు రైతుకు గాని ఖజానాకు గాని చేరవలసినదెంతో అడిగే నోరే లేదు.

సాలార్‌జంగ్ పాలనలో మన పల్లెలను ఎక్కువగా తాకింది 1865 నాటి జిల్లాబందీ. సంస్థానాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, రెవెన్యూ, పోలీసు, న్యాయ వ్యవహారాలకు వేరువేరు అధికారులను పెట్టాడు. మన నారాయణఖేడ్ తరువాతి కాలంలో బీదరు జిల్లాలో ఒక తాలూకాగా ఉండి, 1956లో రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చింది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఈనాటికీ మా ముసలివాళ్లు పహాణీ, కిస్తు, దస్తూరు అంటుంటారు. ఆ మాటలన్నీ ఆ దఫ్తరు భాషే.

ధాన్యంలో వాటా తీసుకునే బటాయి పద్ధతి పోయి శిస్తు నగదు రూపంలోకి వచ్చింది కూడా ఈ సంస్కరణలలోనే. సర్కారుకు ఇది మేలు. రాబడి ఎంతో ముందుగానే తెలుస్తుంది కనుక ఖర్చు దానికి లోబడి పెట్టుకోవచ్చు. రైతు వైపు నుంచి చూస్తే కథ వేరు. వాటా పద్ధతిలో పంట పోతే సర్కారు వాటా కూడా పోయేది. నగదు కిస్తు మాత్రం పంట పోయినా తప్పదు. కిస్తు నాటికి చేతిలో పైసలు లేనివాడు షావుకారు గుమ్మం తొక్కవలసిందే. సంస్థానం అప్పుల నుండి బయటపడిన దారిలో కొంత బరువు రైతు భుజం మీదికి జారిందని రైతుబిడ్డగా నాకనిపిస్తుంది. ఈ మాట రాసినంత మాత్రాన ఆ మనిషి గొప్పతనం తగ్గదు.

1869లో నిజాం అఫ్జలుద్దౌలా మరణించాడు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్ రెండున్నరేండ్ల పసివాడు. షమ్స్-ఉల్-ఉమ్రాతో కలిసి సాలార్‌జంగ్ రాజప్రతినిధి అయ్యాడు. ఖజానా నిలదొక్కుకుంది. అప్పుడు ఆయన మనసులో ఒకే ఒక పని మిగిలింది, బీరారు. 1870ల తొలినాళ్లలో ఇంగ్లీషు ప్రభుత్వానికి వరుసగా అర్జీలు రాశాడు. కంటింజెంటు జీతాలకు హామీ కావాలనే కదా బీరారు పెట్టుకున్నారు, ఆ జీతాలకు సరిపడే మిత్తి వచ్చేంత నగదు మీ దగ్గరే డిపాజిటు చేస్తాము, మా భూమి మాకియ్యండి అన్నది ఆ అర్జీల సారాంశం. ఇరవయ్యేండ్ల కింద సిపాయిలకు జీతమియ్యలేని సంస్థానం ఇప్పుడు అంత ధనం లెక్కపెట్టి ఇస్తానంటున్నది! ఇంతకంటే పెద్ద విజయం ఏ దివాన్‌కు కావాలి? జవాబు మాత్రం లేదనే వచ్చింది. కుదువ పెట్టుకున్నవాడికి పైసలు అక్కరలేదు, భూమే కావాలి.

1876లో ఆయన ఐరోపా యాత్రకు బయలుదేరాడు. రోము నగరంలో ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని కొన్నది ఈ యాత్రలోనే. పారిస్‌లో మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ నొప్పితోనే లండన్ చేరాడు. విక్టోరియా రాణి దర్శనం, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు, లండన్ నగర పౌరసత్వ సన్మానం, విందులు, మర్యాదలు, అన్నీ దక్కాయి. బీరారు దక్కలేదు. ఒక సంస్థానాన్ని నిలబెట్టినందుకు మెచ్చుకునే చేతులే, ఆ సంస్థానం వస్తువు తిరిగి ఇయ్యడానికి చాచలేదు.

1883 ఫిబ్రవరిలో ఒక జర్మన్ రాజవంశీకునికి అతిథి మర్యాదలు చేసి, మీర్ ఆలం చెరువులో పడవ విహారం చేయించి ఇంటికి వచ్చాడు. కలరా సోకింది. ఫిబ్రవరి 8న, యాభై నాలుగేండ్ల వయసులో కన్నుమూశాడు. దాయిరా మీర్ మోమిన్‌లో తమ కుటుంబ సమాధుల మధ్య ఆయనను ఖననం చేశారు. పందొమ్మిదేండ్ల తరువాత, 1902లో, కర్జన్ ప్రభువు కాలంలో బీరారు ఏటా 25 లక్షల చొప్పున ఇంగ్లీషువారికి శాశ్వత కౌలుకు పోయింది. ఇప్పుడు ఆ అమరావతి, అకోలా, బుల్ఢానా, యవత్‌మాల్ జిల్లాలు మహారాష్ట్రలో ఉన్నాయి. అప్పు 1860లో పోయింది, భూమి మాత్రం ఎన్నటికీ రాలేదు.

ఈ జీవితం చదివిన తరువాత నేను చేసినదేదో చెప్పి ముగిస్తాను. ముందుగా ఒక వంద పేజీల నోటుబుక్కు కొని ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు అని గీత గీశాను. ఎవరికెంత బాకీయో పేరు పేరునా రాశాను. ఒక మిత్రునికి ఇవ్వవలసిన మూడు వందలు నాకు గుర్తే లేదు, అతనే సిగ్గుపడుతూ గుర్తుచేశాడు. హోటల్లో ఖాతా మూసేయించాను. సాయంత్రాలు ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. వచ్చిన దానిలో ఒక భాగం ఐదో తేదీన బాకీలకు పోవాలని నియమం పెట్టుకున్నాను. మొదటి రెండు నెలలు నరకం. టీ తాగడానికి మిత్రులు పిలిస్తే తలనొప్పి అని అబద్ధమాడాను. మూడో నెల నుండి అబద్ధం మానేసి పైసలు లేవని చెప్పడం నేర్చుకున్నాను. ఆశ్చర్యమేమంటే ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మిత్రులు తాము కూడా ఒక నోటుబుక్కు కొనుక్కున్నారు.

పదకొండు నెలలకు నా బాకీలు తీరాయి. ఒకసారి నడుమ ఊరి జాతరకు పోయి, గీత దాటి ఖర్చు పెట్టాను, దాన్ని కూడా కుడి పక్కనే రాశాను. ఆ నోటుబుక్కును మొన్న సంక్రాంతికి ఇంటికి తీసుకుపోయి నాయిన ముందు పెట్టి, మొదటి పేజీ నుండి చదివి వినిపించాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లోపలికి పోయి, మందుల దుకాణం చీటీలు, విత్తనాల చీటీలు, కుదువ కాగితం ఒక సంచిలోంచి తీసి నా ముందు పోసి, ఇవి కూడా అట్లనే రాసిపెట్టు బిడ్డా అన్నాడు. రాత్రి పదకొండు దాకా తండ్రీకొడుకులం కూర్చుని రాశాము. అవ్వ రెండుసార్లు బుగ్గి దీపమా ఏమన్నానా, కరెంటు పోతే పడుకోరాదా అని కసిరింది.

మా ఎకరం ఇంకా విడిపించుకోలేదు. ఎంత బాకీయో, ఏ నెలకు ఎంత కట్టగలమో మాత్రం ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. కాగితంలో గడువు స్పష్టంగా రాయించుకోవాలని, పైసలు కట్టిననాడు భూమి వదలాలని మాట తీసుకోవాలని నాయినకు చెప్పాను. దివాన్ దగ్గర నేను నేర్చుకున్న పాఠాలలో పొదుపు కంటే ఇదే నాకు ముఖ్యమనిపిస్తుంది. ఖర్చును చేతిలో పెట్టుకుంటే అప్పు తీరుతుంది. అప్పు తీరితే కుదువ పెట్టింది తప్పక తిరిగి వస్తుందన్న హామీ మాత్రం లేదు.

సంగారెడ్డి నుండి జోగిపేట మీదుగా నాందేడు, అకోలా దాకా పోయే జాతీయ రహదారి మా ప్రాంతాన్ని ఆనుకునే పోతుంది. సెలవులు ముగించుకుని కళాశాలకు వచ్చేటప్పుడు శంకరంపేట దగ్గర బస్సు కోసం నిలబడితే, అకోలా పలకతో పత్తి లారీలు కనిపిస్తాయి. ఇదివరకు వాటిని చూసేవాణ్ణి కాదు. ఈసారి ఒక లారీ పోయేదాకా చూసి, సంచిలో నోటుబుక్కు ఉందో లేదో తడుముకుని బస్సెక్కాను.